మొత్తం ఎంతమంది?

మా టీచర్ల సంఘం సావనీర్‌కి రాసివ్వమని అడిగారు. ఈ అయిదారేళ్ళలో మమ్మల్ని వదిలి వెళ్ళిపోయిన ముగ్గురు పెద్దల గురించి, మనిషికి అరపేజీ చొప్పున, ఫోటోలతో సహా ఇవ్వాలి. కూర్చుని రాశాను. "నిస్వార్థ సేవ", "తీరని లోటు", "నిగర్వి", "అజాతశత్రువు" అన్నీ వరసగా వచ్చి పడ్డాయి. రాసింది చదువుకుంటే, ముగ్గురి పేర్లూ అటూ ఇటూ మార్చేసినా ఎవరికీ తేడా తెలియదనిపించింది. ఆ ముగ్గురిలో ఒకరైన మేడమ్ ఉండి ఉంటే ఆ కాగితం మీద పెన్సిల్‌తో గీత పెట్టి, మార్జిన్‌లో "నిస్వార్థమని నీకెలా తెలిసింది? ఏం చూశావు?" అని రాసి ఇచ్చేవారు. అందుకే ఆ అరపేజీలు పక్కన పెట్టి, నేను చూసింది ఇక్కడ రాస్తున్నాను.

పేర్లు రాయను. అది వాళ్ళు పెట్టిన నియమమే. మా నివేదికల్లో ఏ బడి పేరూ, ఏ పిల్లాడి పేరూ రాయనిచ్చేవారు కాదు. బడులన్నీ "అ బడి, ఆ బడి, ఇ బడి" అని ఉండేవి. "మన లెక్కలోకి వచ్చిన పాపానికి ఏ పిల్లా నవ్వులపాలు కాకూడదు" అనేవారు మేడమ్. ఇన్నేళ్ళూ పాటించిన నియమాన్ని వాళ్ళ విషయంలో మాత్రం ఎందుకు తప్పాలి? లెక్కల మాస్టారు, మేడమ్, కోశాధికారి గారు. మేం పిలుచుకున్నదీ అలాగే.

సంఘం పెద్దదేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల బడి పంతుళ్ళు, ట్రైనింగ్ కాలేజీ లెక్చరర్లు, యూనివర్సిటీలో ఎం.ఎడ్., పీహెచ్‌డీ చేసుకుంటున్నవాళ్ళు కొందరు. నెలకో ఆదివారం డాబాగార్డెన్స్‌లో ఒక స్కూలు గది అడిగి తీసుకుని కూర్చునేవాళ్ళం. బెంచీలు ఆరో తరగతి పిల్లలవి, మోకాళ్ళు పట్టేవి కావు. చేసే పని ఒక్కటే. టీచరు తన తరగతిలో తనకు అర్థం కాని ఒక విషయాన్ని తీసుకుని, దాన్ని కొలిచి, ఏదో ఒకటి మార్చి చూసి, మళ్ళీ కొలవడం. బి.ఎడ్. పుస్తకాల్లో దీన్ని చర్యాత్మక పరిశోధన అంటారు. కర్ట్ లెవిన్ 1940లలో చెప్పిన ఆలోచన ఇది. స్టీఫెన్ కోరే 1953లో దాన్ని బడుల్లోకి తెచ్చాడు. పరీక్ష కోసం ఈ రెండు పేర్లూ బట్టీ పట్టాను కానీ, ఆ పని ఎలా చేస్తారో తెలిసింది మాత్రం ఆ చిన్న బెంచీల మీదే.

1996లో నాకు మొదటి పోస్టింగ్ పాడేరు అవతల ఒక కొండ ఊరిలో వచ్చింది. రెండు గదులు, అయిదు తరగతులు. వెళ్ళిన ఆరు నెలలకే నీరసం వచ్చేసింది. నాతో బి.ఎడ్. చదివిన స్నేహితురాలు ఓసారి బలవంతంగా మీటింగ్‌కి లాక్కెళ్ళింది. తెల్లవారుజామున పాడేరులో బస్సెక్కి, ఘాట్ దిగి, మాడుగుల, చోడవరం మీదుగా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగేసరికి ఎండ ఎక్కేసింది. మాడుగులలో బస్సు ఆగినప్పుడు అరకిలో హల్వా కొన్నాను, ఉత్త చేతులతో వెళ్ళకూడదని. గుమ్మంలో రసీదు పుస్తకం పట్టుకుని కూర్చున్న పెద్దాయన నన్ను చూసి, "ఏటమ్మా, ఏజెన్సీ నుంచి ఇంత దూరం వచ్చీసేవా! ముందు టీ తాగు, చందా సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆయనే కోశాధికారి గారు.

కొత్తవాళ్ళు ఏదైనా చెప్పండి అన్నారు. లేచి నిలబడి, "మా పిల్లలకి లెక్కలు రావండీ. ఎంత చెప్పినా రావు" అన్నాను. వెనక బెంచీలో ఉన్న సన్నపాటి మనిషి, తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో రెండు పెన్సిళ్ళు, నెమ్మదిగా అడిగారు.

"మొత్తం ఎంతమందమ్మా?"

"ముప్ఫై దాకా ఉంటారండీ."

"దాకా అంటే? ఎంతమంది?"

చెప్పలేకపోయాను. రిజిస్టరులో పేర్లు వేరు, బడికొచ్చే పిల్లలు వేరు.

"సరే. వాళ్ళలో ఎంతమందికి రావు? ఏ లెక్కలు రావు? కూడికలా, భాగహారాలా, చదివి చేసే లెక్కలా?"

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన కోప్పడలేదు. "వచ్చే నెలకి లెక్కేసుకుని రా" అన్నారంతే. ఆ రాత్రి తిరుగు బస్సులో నాకు నిద్ర పట్టలేదు. ఆరు నెలలుగా నేను తిట్టుకుంటున్న పిల్లలు ఎంతమందో కూడా నాకు తెలియదు!

తర్వాతి ఏడాది మా బస్సు దారిలో ఉన్న తొమ్మిది బడుల టీచర్లం కలిసి అయిదో తరగతి లెక్కలకి ఒక పరీక్ష తయారుచేశాం. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. సరిగ్గా వంద పేపర్లు వచ్చాయి. ఆ వందా గోనెసంచిలో కట్టుకుని విశాఖ పట్టుకెళ్ళాం.

ఆ ఆదివారం నాకు నిన్న జరిగినట్టు గుర్తు. బెంచీలు గోడకి జరిపేశారు. మాస్టారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నేల మీద కూర్చున్నారు. వంద పేపర్లనీ మార్కుల వరసలో పేర్చమన్నారు. ఫ్యాను గాలికి ఎగిరిపోతున్నాయని ఫ్యాను ఆపేశారు. మే నెల విశాఖ ఉక్క ఎలా ఉంటుందో తెలిసిందే, చెమట బొట్లు పేపర్ల మీద పడకుండా తువ్వాలు మెడకి చుట్టుకున్నాం. పేర్చడం అయ్యాక పైనుంచి ఇరవై ఏడు లెక్కపెట్టి ఒక కట్ట, కిందనుంచి ఇరవై ఏడు లెక్కపెట్టి ఇంకో కట్ట తీశారు. మధ్యలో మిగిలిన 46 పేపర్లు గోనెసంచిలోకి తిరిగి వెళ్ళిపోయాయి.

"ఇరవై ఏడే ఎందుకండీ? పాతికో ముప్ఫయ్యో తీసుకోవచ్చుగా?" అని అడిగాను.

ఆయనకి ఆ ప్రశ్న నచ్చింది. సుద్దముక్కతో నేల మీదే గంట ఆకారం గీశారు, మధ్య మార్కులవాళ్ళు ఎక్కువ, రెండు చివరలా తక్కువ. మరీ కొద్దిమందిని తీసుకుంటే బాగా వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది కానీ, ఆ నలుగురైదుగురిని నమ్మి ఏమీ చెప్పలేం. ఎక్కువమందిని తీసుకుంటే నమ్మకం పెరుగుతుంది కానీ, రెండు కట్టలూ ఒకదానిలా ఒకటి అయిపోతాయి. ఈ రెంటికీ మధ్య సరైన చోటు నూటికి 27 అని కెల్లీ అనే ఆయన 1939లో లెక్కగట్టి చూపించాడు. మార్కులు గంట ఆకారంలో పరుచుకుంటేనే ఇది వర్తిస్తుందని చెప్పి, మా వంద మార్కులూ అలా ఉన్నాయో లేవో ముందు చూపించి, ఆ తర్వాతే ముందుకెళ్ళారు. ఏ సూత్రమైనా అది ఎక్కడ పనిచేయదో చెప్పకుండా వాడనిచ్చేవారు కాదు.

ఒక్కో ప్రశ్నకీ పై కట్టలో ఎంతమంది ఒప్పు, కింది కట్టలో ఎంతమంది ఒప్పు అని గీతలు పెట్టుకుంటూ వచ్చాం. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయాం. "డజను అరటిపళ్ళు 24 రూపాయలు అయితే ఒక పండు ఖరీదు ఎంత?" పై కట్టలో ఒప్పు చేసినవాళ్ళు 8. కింది కట్టలో 9. ఎనిమిదిలోంచి తొమ్మిది తీసి ఇరవై ఏడుతో భాగిస్తే మైనస్‌లో వచ్చింది. విచక్షణా శక్తి అంటారు దీన్ని, లెక్కలు వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ ప్రశ్న ఎంత బాగా విడదీస్తుందో చెప్పేది. అది మైనస్‌లోకి వెళ్ళిందంటే ప్రశ్న తిరగబడ్డట్టే.

"పైవాళ్ళు అజాగ్రత్తగా చేసుంటారండీ" అన్నాను.

"నాలుగు జవాబుల్లో ఒకటి కళ్ళు మూసుకుని పెట్టినా ఇరవై ఏడింటిలో ఆరో ఏడో ఒప్పవుతాయి. ఇక్కడ రెండు కట్టలూ కళ్ళు మూసుకునే పెట్టినట్టున్నారు. అజాగ్రత్త కాదమ్మా. తప్పు పిల్లల దగ్గర లేదు, ప్రశ్న దగ్గరుంది. ఏంటో నాకూ తెలీదు. సంతకెళ్ళి చూసి రా" అన్నారు.

సంతకెళ్ళాను. మా ఊరి పిల్లలందరూ సంత రోజున బడికి రారని తిట్టుకునేదాన్ని కానీ, అప్పటిదాకా వాళ్ళ వెనక సంతలోకి వెళ్ళి చూసిన పాపాన పోలేదు. అక్కడ అరటిపళ్ళు అత్తాల (గెలలోని ఒక్కో వరస పళ్ళు) లెక్కన అమ్ముతున్నారు, లేదంటే గెల మొత్తానికి బేరం. ధాన్యం, పప్పులు తవ్వలు, అడ్డలు, కుంచాల్లో. డజను అన్న మాట పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్క నోట్లోంచి రాలేదు. కింది కట్టలో పేపరున్న మా అయిదో తరగతి అమ్మాయి వాళ్ళమ్మ పక్కన పసుపు కొమ్ములు పోసుకుని కూర్చుంది. మైదానం నుంచి వచ్చిన షావుకారు తక్కెడలో తూచి, ఏదో రేటు చెప్పి, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల నోట్లు చూసింది. పెదాలు కదిపింది. ఎడమచేతి వేళ్ళ గణుపుల మీద బొటనవేలు ఒకసారి అటూ ఇటూ నడిపింది. "ఇంకా నాలుగు రూపాయలు రావాలి" అంది. వాడు మారుమాట్లాడకుండా ఇచ్చేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా పరీక్షలో ఆ పిల్లకి ఇరవైకి అయిదు మార్కులు.

తర్వాతి మీటింగ్‌లో ఇదంతా చెప్పాను. ప్రశ్నని మేడమ్ అక్కడికక్కడే తిరగరాశారు. "అత్తంలో 12 పళ్ళున్నాయి. అత్తం 24 రూపాయలు. పండు ఎంత పడింది?" మళ్ళీ పెట్టి చూస్తే ఈసారి పై కట్టలో 21 మంది ఒప్పు, కింది కట్టలో 10 మంది. మాస్టారు తన లెక్కల పట్టికల పుస్తకం, క్లార్క్స్ టేబుల్స్, మూసి పక్కన పెట్టి, "ఇప్పుడిది ప్రశ్న" అన్నారు. డజను నేర్పొద్దని ఆయన అనలేదు. డజను అంటే పన్నెండని ఒకరోజు నేర్పు, భాగహారం వచ్చో రాదో ఇంకోరోజు అడుగు, రెండూ కలిపేసి పిల్లని మొద్దు అనకు, అన్నారు.

మాస్టారి ఇల్లు చినవాల్తేరులో. సాయంత్రాలు యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో ఉండేవారు. ఆయన కూర్చునే బల్ల మాకందరికీ తెలుసు, అనుమానం వస్తే నేరుగా అక్కడికే వెళ్ళేవాళ్ళం. ఎం.బి. బుచ్ సంపాదకత్వంలో 1974లో బరోడా నుంచి వచ్చిన విద్యా పరిశోధనల సర్వే, ఆ తర్వాతి సంపుటాలు, ముందు అవి చదవకుండా అంశం ఎంచుకోనిచ్చేవారు కాదు. టి-పరీక్ష, అంటే రెండు గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో చూసే లెక్క, చెప్పిన ప్రతిసారీ గాసెట్ కథ చెప్పేవారు. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో ఉద్యోగి, కొద్ది కొద్ది నమూనాలతోనే నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చి ఆ పద్ధతి కనిపెట్టాడు. 1908లో అచ్చు వేసేటప్పుడు సొంత పేరు పెట్టుకోవడానికి లేక "స్టూడెంట్" అని పెట్టుకున్నాడు. "మీ ఏకోపాధ్యాయ పాఠశాలకి పనికొచ్చే లెక్క ఇదేనమ్మా. వేలమంది పిల్లలు లేకపోయినా నిజం చెప్పొచ్చు. ఎంత గట్టిగా చెప్పొచ్చో మాత్రం తెలుసుకుని చెప్పాలి" అనేవారు.

ఆయన మీద నాకు ఒక బాధ ఉంది, అదీ రాస్తాను. ఒక రిసెర్చ్ స్కాలర్ తన ఫలితాలు చదువుతుంటే, శాంప్లింగ్ (కొలవడానికి ఎవరిని ఎంచుకున్నారన్నది) తప్పుగా ఉందని నలభై మంది ముందు ఆమెని గంటసేపు నిలబెట్టి అడిగారు. ఆయన అన్నదంతా నిజమే. కానీ ఆ అమ్మాయి మళ్ళీ మా మీటింగ్‌లకి రాలేదు. తర్వాత ఆయనే ఆమె హాస్టల్‌కి రెండుసార్లు వెళ్ళారని, ఆమె కలవలేదని తెలిసింది. ఆ తర్వాత ఎవరి తప్పయినా సరే, పక్కకి పిలిచి వరండాలో చెప్పేవారు.

మేడమ్ ట్రైనింగ్ కాలేజీలో తెలుగు బోధన చెప్పేవారు. మా బులెటిన్ ఆవిడ చేతి మీదే నడిచింది. కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే డీటీపీ రాకముందు, గీసిన చోట సిరా దిగి అచ్చు పడే స్టెన్సిల్ కాగితం మీద స్టైలస్‌తో స్వయంగా రాసేవారు. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కదా. గట్టిగా నొక్కితే "ఠ"లో, సున్నాలో కాగితం ముక్క ఊడి కింద పడిపోతుంది, అక్కడ సిరా ముద్దగా దిగుతుంది. నెమ్మదిగా నొక్కితే అక్షరం పడదు. ఒక్క పేజీకి గంటన్నర పట్టేది ఆవిడకి. బులెటిన్ ఎప్పుడూ ఆలస్యమే. జనవరి సంచిక ఏప్రిల్‌లో వచ్చేది. మేం విసుక్కునేవాళ్ళం. ఇప్పుడు ఆ సంచికలు తీసి చూస్తే ఒక్క సున్నా చెదిరిన చోటు కనిపించదు.

తెలుగులోనే రాయాలని ఆవిడ పట్టు. అది కూడా పిల్లల తల్లిదండ్రులకి చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగు. "విద్యార్థుల యందు గల అభ్యసన వైకల్యములను అధిగమింపజేయుటకై" అని నేను మొదలుపెట్టిన వాక్యాన్ని కొట్టేసి "పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూడటానికి" అని రాశారు. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున, దండలు వేసే సభలకి వెళ్ళేవారు కాదు. ఆ వారం మాలో ఒకరి వ్యాసం తీసుకుని, అందరి ముందూ చదివి, అర్థం కాని ప్రతి మాట దగ్గరా ఆపేవారు. పంతులు గారు వాడుకభాష కోసం పోరాడారని అందరం చెప్పుకుంటాం. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసి, నిఘంటువు చేసి, సవర పిల్లలకి వాళ్ళ భాషలో చదువు చెప్పించడానికి బడులు పెట్టిన సంగతి మాత్రం టీచర్లం కూడా మర్చిపోతున్నాం అని ఆవిడ బాధపడేవారు.

2004లో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది. అందులో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా మా ప్రాంతంలో మాట్లాడేవే. ఆ నెల మీటింగ్‌లో మేడమ్ అడిగిన ప్రశ్న ఒకటే. "ఏజెన్సీలో పనిచేస్తున్నవాళ్ళు మొత్తం ఎంతమంది ఉన్నారిక్కడ? మీలో ఎంతమందికి మీ పిల్లల భాషలో వంద దాకా లెక్కపెట్టడం వచ్చు?" పదకొండు మందిమి ఉన్నాం. ఇద్దరు చేతులెత్తారు. వాళ్ళిద్దరిదీ పుట్టుకతో వచ్చిన భాష అదే. మిగతా తొమ్మిది మందిలో నేనొకదాన్ని, ఏడేళ్ళు ఆ ఊళ్ళో పనిచేసి. తర్వాతి నెల నుంచి మీటింగ్ అయ్యాక అరగంట మేడమ్ ఆ ఇద్దరిలో ఒకరి ముందు నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుని నేర్చుకునేవారు. ఆవిడ ఏజెన్సీలో ఏనాడూ పనిచేయలేదు, చేయబోవడం లేదు కూడా. ఆ వయసులో ఆవిడ నేర్చుకుంటుంటే మేం టీ తాగుతూ ఎలా కూర్చుంటాం? మేమూ వెళ్ళి పక్కన కూర్చున్నాం.

కోశాధికారి గారు మున్సిపల్ స్కూల్లో హెడ్మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పరిశోధన నాకు రాదమ్మా అనేవారు. ఆయన రాసిన వ్యాసం ఒక్కటీ లేదు. కానీ ఆయన లేకపోతే మాలో సగం మంది రెండో మీటింగ్‌కే రాకుండా పోయేవాళ్ళం. ఏజెన్సీలో, కోస్తా చివర మత్స్యకారుల పల్లెల్లో ఒక్కళ్ళే పనిచేసే టీచర్లకి ఆయన జవాబు కార్డులు పంపేవారు. ఒకదానికొకటి అతుక్కుని ఉండే రెండు పోస్టుకార్డులు, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. మొదటి దాని మీద మీటింగ్ తేదీ, ఏ బస్సెక్కాలి, కిందటి నెల ఏం మాట్లాడుకున్నాం అన్నీ రాసేవారు. రెండోదాని మీద తన అడ్రసు తానే రాసి, మిగతాదంతా ఖాళీగా ఉంచేవారు. అవతలి మనిషి తన ప్రశ్న ఒక్కటి రాసి డబ్బాలో వేస్తే చాలు. వచ్చిన ప్రశ్నని మీటింగ్‌లో చదివి, మాస్టారు ఏమన్నారో మేడమ్ ఏమన్నారో రాసి మళ్ళీ పంపేవారు. మీటింగ్‌కి ఒక్కసారి కూడా రాలేకపోయిన ఒక టీచరమ్మ ఇలా కార్డుల మీదే ఒక పరిశోధన పూర్తిచేసింది. పెళ్ళిళ్ళ సీజన్‌లో పిల్లల హాజరు ఎందుకు పడిపోతోందని.

ఒక సంగతి చెప్పి తీరాలి. ఒక సంస్థ వాళ్ళు తాము తయారుచేసిన చదువు కిట్‌ని మా బడుల్లో పరీక్షించమని పెద్ద చెక్కు ఇచ్చారు. సంఘం ఖాతాలో అంత డబ్బు ఎప్పుడూ చూడలేదు. పరీక్షించాం. కిట్ వాడిన పిల్లలకీ వాడని పిల్లలకీ తేడా ఏమీ రాలేదు. అది రాయొద్దు, "మంచి స్పందన వచ్చింది" అని రాయమన్నారు. మాస్టారు కాదన్నారు. కోశాధికారి గారు మరుమాట లేకుండా చెక్కు రిజిస్టర్డ్ పోస్టులో వెనక్కి పంపి, ఆ పోస్టాఫీసు రసీదు ఖాతా పుస్తకంలో అతికించారు. అప్పటికే పెట్టిన బస్సు ఛార్జీలు, జిరాక్సు ఖర్చులు ఎక్కడినుంచి వచ్చాయని అడిగితే "తేలిపోయాయిలే" అన్నారు. పుస్తకంలో ఆ ఖర్చుల ఎదురుగా జమ వైపు "ఒక సభ్యుడు" అని ఉంది. ఆ సభ్యుడెవరో అందరికీ తెలుసు.

సంఘం కాగితాలన్నీ ఆయనింట్లో రెండు ట్రంకు పెట్టెల్లో ఉండేవి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ రోజు. ఆయన ఇంటి కిటికీ చెక్కలు ఊడిపోయి, గదిలో మోకాలెత్తు నీళ్ళు నిలిచాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లకి అడ్డంగా చెట్లు. మూడో రోజు నేను నడుచుకుంటూ వెళ్ళేసరికి ఆయన మేడ మీద ఉన్నారు. బట్టలారేసే తాళ్ళన్నిటి మీదా పేపర్లే. భార్య చీరల క్లిప్పులు చాలక పిల్లల హెయిర్ పిన్నులు పెట్టారు. తుఫాను తర్వాత వచ్చిన ఎండ కదా, చురుక్కుమంటోంది. ఊరంతా ఒక్క పచ్చటి ఆకు లేదు, చెట్లన్నీ మోడులు. నన్ను చూడగానే, "మన పేపర్లు తడిసిపోయేయమ్మా" అన్నారు. ఇంటి పైకప్పు గురించి ఒక్క మాట లేదు.

దగ్గరికి వెళ్ళి చూశాను. అవి మా పాత వంద పేపర్లు. మేం ఎర్ర సిరాతో వేసిన టిక్కులు, ఇంటూలు, చుట్టిన మార్కులు అన్నీ కరిగి గులాబీ రంగు మరకలైపోయాయి. పిల్లలు పెన్సిల్‌తో రాసిన జవాబులు మాత్రం ఒక్కటీ చెదరలేదు. గట్టిగా నొక్కి రాసిన సున్నాలు, చెరిపి మళ్ళీ దిద్దిన అంకెలు, పేపరు మూలన ఒకడు వేసిన కోడిపుంజు బొమ్మ. ఆ సంతలో అమ్మాయి పేపరు వెతికాను. దొరికింది. అయిదు మార్కులు పోయాయి. ఆ పిల్ల చేతిరాత ఉంది. ఇద్దరం అది చేతుల్లో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాం.

కోశాధికారి గారు 2019లో వెళ్ళిపోయారు. ఆ తర్వాతి సంవత్సరం మాస్టారు, ఏ హడావిడీ లేకుండా, నిద్రలోనే. లాక్‌డౌన్ రోజులు, చూడ్డానికి వెళ్ళలేకపోయాం.

మేడమ్ 2021 మే నెలలో. దాని గురించి రాయడం నాకు ఇప్పటికీ కష్టమే.

కరోనాకి బడులు మూసేశాక మా హైస్కూల్లో ఫోన్ పాఠాలు మొదలుపెట్టాం. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి, మేం వాట్సాప్‌లో వర్క్‌షీట్లు పంపేవాళ్ళం. ఎనిమిదో తరగతి పిల్లల మీద నేను ఒక చిన్న పరిశీలన చేసి, పట్టిక వేసి, ఏప్రిల్‌లో మేడమ్‌కి పంపాను. వర్క్‌షీట్లు చేసి పంపినవాళ్ళు నూటికి 82 అని వచ్చింది. నాకు సంతోషంగా ఉంది. టెన్షన్‌తో గడిచిన ఆ ఏడాదిలో చెప్పుకోవడానికి ఒక మంచి అంకె దొరికింది కదా.

రెండు రోజులకి ఫోన్ చేశారు. గొంతు బాగా నీరసంగా ఉంది. జ్వరమన్నారు. టెస్టు చేయించుకోండి మేడమ్ అంటే, "చేయించుకుంటానులే. ముందు ఇది చెప్పు. మొత్తం ఎంతమంది?" అన్నారు.

"పదిహేడు మందండీ, అందులో పద్నాలుగు మంది చేసి పంపారు."

"ఎనిమిదో తరగతిలో పదిహేడు మందేనా?"

నాకు గొంతు పెగల్లేదు. తరగతిలో నలభై ఒక్క మంది. పదిహేడు మంది అంటే వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళు. మిగతా ఇరవై నలుగురి ఇళ్ళలో ఆ ఫోన్ లేదు. ఉన్నా అది నాన్నతో పాటు హార్బర్‌కో, గాజువాకలో కూలిపనికో వెళ్ళిపోతుంది.

"ఫోన్ లేని పిల్లల్ని ఏ గడిలో వేశావమ్మా?" అని అడిగారు. మందలింపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. దగ్గు వచ్చింది. కాసేపాగి, "గడి లేకపోతే గడి గియ్యి. గీసి పంపు, నేను చూస్తాను" అన్నారు.

ఆ రాత్రే గీశాను. మొత్తం 41. ఫోన్ అందుబాటులో ఉన్నవాళ్ళు 17. చేసి పంపినవాళ్ళు 14. ఫోన్ లేనివాళ్ళు 24. అప్పుడు నూటికి 82 కాస్తా 34 అయింది. తెల్లారాక మెయిల్ చేశాను. ఆ రోజు మధ్యాహ్నం ఆవిడని ఆసుపత్రిలో చేర్చారు. మెయిల్ తెరిచారో లేదో తెలియదు. పది రోజుల తర్వాత ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు.

బడులు తెరిచాక ఆ ఇరవై నలుగురి ఇళ్ళకీ వెళ్ళాను. పంతొమ్మిది మంది తిరిగి బడికొచ్చారు. ముగ్గురు వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఇద్దరి జాడ తెలియలేదు. ఆ అంకెలు కూడా పట్టికలో కలిపాను. అది ఎక్కడా అచ్చు కాలేదు, మేడమ్ చూడకుండా అచ్చుకివ్వడానికి నాకు మనసొప్పలేదు.

సావనీర్ కమిటీకి నిన్న రాత్రి నా మూడు అరపేజీలకి బదులు ఆ పట్టిక పంపాను. పైన ముగ్గురినీ మేం పిలుచుకున్న పిలుపులు, కింద పట్టిక. ఒకటిన్నర పేజీలో సరిపోయింది. పొద్దున్న కమిటీ కుర్రాడు ఫోన్ చేశాడు. పట్టిక బావుందండీ, వేస్తాం, కానీ ఫోటోలు కూడా కావాలి అన్నాడు. మాస్టారి ఫోటో ఉంది. కోశాధికారి గారిది వాళ్ళ కోడలు పంపుతానంది. మేడమ్‌ది మాత్రం ఆవిడ తలెత్తి ఉన్నది ఒక్కటీ దొరకడం లేదు. ఉన్న ఫోటోలన్నిటిలోనూ ఎవరిదో కాగితం మీదికి వంగి, చేతిలో పెన్సిల్‌తో ఉన్నారు. ఇంకా వెతుకుతున్నాను.